చెవుల దొర గారి తల్లి మరణంపై విచారణ

ప్రేక్షకులు నిరాశ చెందడం చట్టవిరుద్ధం కాదు; మా కంపెనీ నిబంధనలకు మాత్రం పూర్తిగా విరుద్ధం! అలాంటిది టిక్కెట్టు కొన్న ప్రతివారూ కూడబలుక్కున్నట్టు నిరాశ చెందితే కంపెనీ చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? కూర్చోదు. కమిటీ వేస్తుంది. వేసింది. విచారణ నిష్పాక్షికంగా జరగాలి కాబట్టి సినిమా నిర్మించిన ఛైర్మన్‌గారినే అధ్యక్షుణ్ణి చేసింది. లోతుగా జరగాలి కాబట్టి సినిమా తీసిన దర్శకుణ్ణి సభ్యుణ్ణి చేసింది. ఎవరో ఒకరు పని కూడా చెయ్యాలి కాబట్టి నన్ను కార్యదర్శిని చేసింది.

నేను ఆ కంపెనీలో కథా సలహాదారుణ్ణి. కిటికీ లేని గదిలో కూర్చుంటాను. విచారణ సవ్యంగా ముగిస్తే కిటికీ ఉన్న గది ఇస్తామన్నారు. ముగించకపోతే ఏమిస్తారని అడిగితే ఛైర్మన్‌గారు నవ్వారు. ఆయన అలా నవ్వాక మళ్ళీ ఆఫీసులో కనిపించినవాళ్ళు లేరు.

సినిమా పేరు చెవుల దొర. దానికి మూలమైన టీవీ కార్టూన్ బొమ్మల్లో చెవుల దొర ఒక నీలిరంగు గాడిద. ఒంటికంటే చెవులు పొడుగు. మా తరంలో ఎవర్ని కదిపినా "చెవుల దొరా? చూస్తూనే పెరిగాం!" అంటారు. టిఫిన్ డబ్బా మూత మీద అతనే, పెన్సిల్ డబ్బా మీద అతనే, నీళ్ళ సీసా మీద అతనే. ఆ కార్టూన్ మాత్రం టీవీలో ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి వచ్చేది. ఆదివారం ఐదింటికి నేను ఏం చేస్తుండేవాణ్ణో నా దిండును అడగాలి. కానీ "నేను చూడలేదు" అని పైకి చెప్పుకోగలమా? చెవుల దొరను చూడలేదంటే బాల్యమే లేదన్నమాట!

అలా చెప్పుకున్న మనిషిని ఒక్కణ్ణే ఎరుగుదును. అతనొక పళ్ళ డాక్టరు. నాకంటే ముందు మా ఆవిడకు వచ్చిన సంబంధం అతనిదే. "మీకు చెవుల దొర ఇష్టమేనా?" అని ఆవిడ అడిగితే, ఆ అమాయకుడు "నేను చూడలేదండీ" అన్నాడట. బాల్యం లేని మనిషితో కాపురం ఏమిటని ఆవిడ ఆ సంబంధం వద్దనేసింది. తర్వాత అదే ప్రశ్న నన్నడిగింది. "చూస్తూనే పెరిగాను!" అన్నాను. పెళ్ళయిపోయింది. మా కాపురం ఇప్పటికీ ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. పైగా ఆవిడ ఇప్పుడు చెవుల దొర అభిమాన సంఘానికి అధ్యక్షురాలు.

సినిమా ఎలా పుట్టిందో చెప్పాలి. ఒకరోజు ఛైర్మన్‌గారు సమావేశం పెట్టి, బల్ల మీద సొట్టపోయిన పాత టిఫిన్ డబ్బా పెట్టారు.

"చెవుల దొరను నిజం చేస్తున్నాం! బొమ్మలు కాదు. నిజమైన గాడిద, నిజమైన కొండ, నిజమైన కన్నీళ్ళు! నేను చూస్తూనే పెరిగానయ్యా!" అన్నారు.

మేమూ పెరిగాం. మా కంపెనీలో ఛైర్మన్‌గారు దేన్ని చూస్తూ పెరిగితే మేమందరం దాన్నే చూస్తూ పెరుగుతాం. ఆయన కుస్తీ సినిమా తీసిన ఏడాది మా లెక్కల గుమస్తా కూడా కుస్తీలు పడుతూ పెరిగాడు.

"ఆ ఎపిసోడ్ గుర్తుందా మీకు?" అన్నారు ఛైర్మన్‌గారు, కళ్ళు సగం మూసి.

ఏ ఎపిసోడని అడగడానికి ఎవరికి మాత్రం గుండె ఉంది? దర్శకుడు పైకప్పుకేసి చూశాడు. ప్రతిదీ సహజంగా ఉండాలంటాడని అతన్ని మేం సహజం గారు అంటాం. పైకప్పు మీద ఏదో దొరికినట్టే ఉంది.

"మర్చిపోతామాండీ! వాళ్ళమ్మ చచ్చిపోయే ఎపిసోడేగా!" అన్నాడు.

ఛైర్మన్‌గారు ఒక్క క్షణం అతనికేసి చూశారు. తర్వాత జేబురుమాలు తీశారు. మా కంపెనీలో ఆయన జేబురుమాలు బయటికొస్తే అందరి జేబురుమాళ్ళూ బయటికొస్తాయి. తెచ్చుకోనివాళ్ళు చొక్కా చేతులతో సర్దుకున్నారు.

"ఎంత ఏడ్చానో ఆ రోజు!" అన్నారు ఛైర్మన్‌గారు.

"మా ఇంట్లో ఇంటిల్లిపాదీ ఏడ్చామండీ!" అన్నాడు లెక్కల గుమస్తా.

ఇక మిగిలింది నేను. నోరు మూసుకుని కూర్చుంటే అనుమానం రాదూ? "సరిగ్గా అప్పుడే వాన మొదలవుతుంది కదండీ," అన్నాను.

"వాన!" ఛైర్మన్‌గారు లేచి వచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేశారు. "అవునయ్యా, వాన! ఇన్నాళ్ళూ గుర్తే రాలేదు. ఇప్పుడు కళ్ళకు కట్టినట్టుంది!"

ఆ సాయంత్రమే నన్ను కథా సలహాదారుణ్ణి చేశారు. ఆ వాన నాకెక్కడిదంటారా? ఆయన గది కిటికీలోది. అప్పుడు బయట వాన పడుతోంది. అందుకే, మనిషన్నవాడికి కిటికీ ఉన్న గది కావాలి.

షూటింగ్ మొదలైంది. లోకంలో జరగనిది తెర మీద జరగకూడదన్నది సహజం గారి సిద్ధాంతం. లోకంలో నీలి గాడిద ఉందా? పశువుల డాక్టరును అడిగాం. గాడిద నీలంగా మారితే దానికి ఊపిరాడటం లేదని అర్థమన్నాడాయన. బూడిదరంగు గాడిదను తెచ్చాం. "డబ్బా మూత మీద నీలంగా ఉందే!" అని ఛైర్మన్‌గారు గొణిగారు. "అయితే చీకట్లో తీద్దామండీ, చీకట్లో ఏదైనా కాస్త నీలంగానే ఉంటుంది," అన్నాడు సహజం గారు. అలా సినిమా మొత్తం చీకటైపోయింది. విడుదలయ్యాక జనం హాల్లోకి టార్చిలైట్లు తెచ్చుకున్నారంటే అది వాళ్ళ అభిమానం.

డబ్బా మూత మీది బొమ్మలో లాగా కొండ అంచు దాటగానే గాడిద కిందపడాలా వద్దా అని భౌతికశాస్త్రం లెక్చరర్‌ను అడిగాం. పడుతుందన్నాడు. పడ్డాక కాలు విరుగుతుందన్నాడు ఎముకల డాక్టరు. కాబట్టి మా హీరో మొదటి సీనులోనే కిందపడి, విశ్రాంతి దాకా కట్టుతో పడుకుంది. విశ్రాంతి తర్వాత తల్లి చచ్చిపోతుంది.

ఆ సీనే మా ప్రాణం తీసింది. మా గాడిద స్వతహాగా సరదా మనిషి. తల్లి వేషం వేసిన గాడిద నేల మీద పడుకుని చచ్చిపోగానే మనవాడు వెళ్ళి ఆవిడ చెవి కొరికేవాడు. ఆవిడ లేచి ఒక్క తన్ను తన్నేది. వీడు పరుగు, వెనకాల ఆవిడ, ఆవిడ వెనకాల గొడుగు పట్టుకుని అసిస్టెంటు! కెమెరామన్ నవ్వలేక నేల మీద కూలబడిపోయేవాడు. "కట్! సహజంగా లేదు!" అని సహజం గారు గొంతు చించుకునేవాడు. అలాంటివన్నీ జాగ్రత్తగా తీసేశాం. చివరికి హీరోకు కడుపు నిండా గడ్డి పెట్టి, అది నిలబడి కునుకు తీస్తుంటే చిత్రీకరించాం. తెర మీద అచ్చం దుఃఖంలా వచ్చింది. దాని మీద నా వాన కురిపించాం.

మొదటి ఆటకు హాలు నిండిపోయింది. సినిమా మొదలయ్యాక ఎవరూ కిక్కురుమనలేదు.

"చూశావా, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు!" అన్నారు ఛైర్మన్‌గారు నా చెవిలో.

కాసేపటికి ఆ ఊపిరి గురకగా మారింది.

మా ఆవిడ ఇంటికొచ్చి చేతిసంచి సోఫాలోకి విసిరేసింది. "ఆత్మ లేదండీ! అందులో ఆత్మే లేదు! మీరుండి కూడా ఇలా ఎలా తియ్యనిచ్చారు?"

"నేను చెబుతూనే ఉన్నాను. ఎవరు వింటారు?" అన్నాను.

"కార్టూన్ చూసినవాడెవడైనా ఇలా తీస్తాడా? చూడనివాడెవడో మీలో దూరాడు. వాడెవడో నాకు తెలియాలి!"

నేను ఆ చేతిసంచి తీసి జాగ్రత్తగా సర్దాను. "ఏది బాగా లేదో కాస్త వివరంగా చెబితే..." అన్నాను.

"మీకు నేను చెప్పాలా? చూస్తూ పెరిగిన మనిషికి?" అని, ఉన్నట్టుండి నా కళ్ళలోకి చూసింది. "అవునూ, మీకు బాగా నచ్చిన ఎపిసోడ్ ఏదండీ? ఎప్పుడూ చెప్పలేదు."

పెళ్ళైనప్పటి నుంచీ ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందోనని హడలి చస్తున్నాను. "ఒక్కటని ఎలా చెప్పనోయ్!" అన్నాను.

"నాకూ అంతే," అని ఆవిడ చప్పున వంటింట్లోకి వెళ్ళిపోయింది. బతుకుజీవుడా అనుకున్నాను.

బతకనిస్తారా! మర్నాడు అభిమాన సంఘం వాళ్ళు నీలం కండువాలు మెళ్ళో వేసుకుని మా ఆఫీసు ముందు బైఠాయించారు. ముందు వరసలో మా ఆవిడ. "కార్టూన్ చూడకుండా సినిమా తీసిన ద్రోహిని బయటపెట్టాలి!" అని నినాదాలు. నేను రెండో అంతస్తు వరండా నుంచి ఆవిడకు చెయ్యి ఊపి, లోపలికొచ్చి మంచినీళ్ళు తాగాను. ద్రోహి దొరికితే నా ఉద్యోగం పోతుంది, కిటికీ పోతుంది, కాపురం పోతుంది. ఆ ద్రోహిని పట్టుకోవలసిన కార్యదర్శిని కూడా నేనే. ఇంతకంటే సుఖం ఎవరికైనా ఉంటుందా?

విచారణ మొదలైంది. సాక్షులుగా ప్రేక్షకులను పిలిపించాం. మొదట చెప్పుల షాపు యజమాని వచ్చాడు.

"ఆత్మ లేదండీ," అన్నాడు.

"అంటే ఏ విషయంలో?"

"అదే... అసలు దాంట్లో ఉండే ఆ... ఆ ఇది లేదు."

"ఏ ఇది?"

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "మీరసలు కార్టూన్ చూశారా?"

"చూస్తూనే పెరిగాను!"

"అయితే ఏ ఇదో మీకే తెలుసు."

"తెలుసు, తెలుసు," అన్నాను. ఇద్దరం లేచి చేతులు కలుపుకున్నాం. ఆయన అరచేయి నా అరచేతిలాగే తడిగా ఉంది. తర్వాత వచ్చిన లైబ్రరీ ఉద్యోగినికీ ఆ ఇదే కనిపించలేదు. ఆవిడ తర్వాత వచ్చిన బస్సు కండక్టరు ఆ ఇది లేదని చెబుతూ ఏడ్చేశాడు. "సినిమాలో ఇది లోపించినట్టు సాక్ష్యాధారాలతో రుజువైనది" అని రికార్డులో రాసుకున్నాను.

"ఇలా లాభం లేదు," అన్నారు ఛైర్మన్‌గారు. "చూడనివాణ్ణి పట్టుకోవాలంటే కార్టూన్ మీద ప్రశ్నలు వెయ్యాలి."

"వెయ్యండి సార్," అన్నాడు సహజం గారు.

"నువ్వెయ్యవయ్యా."

"పెద్దలు మీరుండగా నేనా!"

ఇద్దరూ నాకేసి తిరిగారు. ప్రశ్న వెయ్యడం తేలికే. చెప్పిన జవాబు ఒప్పో తప్పో తేల్చవద్దూ! టీ వచ్చింది. తాగాం. మళ్ళీ టీ వచ్చింది. ఆ టీ వేడికో ఏమో నా నోరు జారింది. "హక్కులతో పాటు కొన్న అసలు రీలు, ఎపిసోడ్లన్నీ ఉన్నది, మన గోదాములోనే ఉంది కదండీ, ఒకసారి వేసుకుని చూస్తే?" అన్నాను.

"నాకు కంఠతా వచ్చు," అన్నాడు సహజం గారు.

"నాకు నిద్రలో లేపినా వచ్చు," అన్నారు ఛైర్మన్‌గారు. "కానీ విచారణ అన్నాక లాంఛనం ఒకటి ఉంటుంది. తెప్పించు."

గోదాములోంచి దుమ్ముపట్టిన రేకు డబ్బా వచ్చింది. చిన్న ప్రివ్యూ గదిలో ముగ్గురం మూడు మూలలా కూర్చున్నాం. తెర మీద వెలుగు పడింది. ఎంత వెలుగు! ఎండ, పచ్చిక, మధ్యలో మా నీలం చెవుల దొర. అతని చేతిలో తోటమాలి టోపీ. ఆ టోపీ కొట్టేసి పారిపోతున్నాడు. పరిగెత్తి పరిగెత్తి కొండ అంచు దాటి గాలిలోకి వెళ్ళిపోయాడు. అయినా పడలేదు. గాలిలోనే నిలబడి, టోపీ పెట్టుకుని, జేబులోంచి అద్దం తీసి చూసుకుంటున్నాడు.

"అయ్యయ్యో, పడిపోతాడు!" అని కేకేశాడు కంఠతా వచ్చిన సహజం గారు.

"తర్వాత? తర్వాతేమవుతుంది?" అని కుర్చీ అంచుకు జరిగారు ఛైర్మన్‌గారు. వెంటనే గొంతు సవరించుకుని, "...అని చిన్నప్పుడు అడుగుతుండేవాణ్ణి," అన్నారు.

తోటమాలి కొండ మీద నిలబడి, కింద ఏమీ లేదని వేలితో చూపించాడు. దొర కిందకు చూడలేదు. తోటమాలికే చూపించాడు, నీ కింద మాత్రం ఏముందని. తోటమాలి చూసుకున్నాడు. అతని కాళ్ళ కిందున్న కొండ కాస్తా సిగ్గుపడ్డట్టు పక్కకు జరిగిపోయింది! అతను ధబేలుమని పడ్డాడు. నేను పొట్ట పట్టుకున్నాను. సహజం గారు కుర్చీతో సహా వెనక్కి పడి, పడ్డచోటే నవ్వుతున్నాడు. ఛైర్మన్‌గారు జేబురుమాలు నోట్లో కుక్కుకున్నారు.

పడ్డ తోటమాలి లేచి వచ్చి, నా టోపీ చూశావా అని సైగ చేశాడు. లేదని దొర తల అడ్డంగా ఊపాడు. అంతే, అతని చెవులు రెండూ వాటంతటవే పైకి లేచి ముడిపడిపోయాయి! దొర అబద్ధమాడితే చెవులు ముడిపడతాయన్నమాట! విప్పుకుంటాడు, మళ్ళీ అబద్ధమాడతాడు, ఈసారి రెండు ముళ్ళు. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పక్కకు చూద్దును కదా, ఛైర్మన్‌గారి చేతులు ఆయన చెవుల మీద ఉన్నాయి. సహజం గారి చేతులూ అక్కడే. నావి ఎక్కడున్నాయో చెప్పనక్కర్లేదు.

దీపాలు వెలిగాయి. నిజం చెబుతున్నాను, ఆ కాసేపు నాకు ఉద్యోగం గుర్తు లేదు, కిటికీ గుర్తు లేదు. బాల్యమంటే ఇదైతే, నాది ఆ మధ్యాహ్నమే మొదలైంది. ఇంత సంతోషాన్ని దిండు మీద తల పెట్టి పోగొట్టుకున్నానే అని ఏడుపు కూడా వచ్చింది.

"బాగుంది," అన్నారు ఛైర్మన్‌గారు. "కానీ వాళ్ళమ్మేదీ?"

అమ్మ లేదు. చావు లేదు. వాన లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఎండ. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఎవరైనా ఒక్కరు నోరు విప్పితే అంతా అయిపోతుంది. విప్పాలనే అనుకున్నాను. మా ఆవిడ గుర్తొచ్చింది. పళ్ళ డాక్టరు గుర్తొచ్చాడు. మూసుకున్నాను.

ఛైర్మన్‌గారు ఊరికే ఛైర్మన్ కాలేదు. బల్ల మీద గుద్ది లేచారు. "ఎవరో కత్తిరించేశారు! నేను చూశాను, మీరు చూశారు, ఇంతమంది చూస్తూ పెరిగారు. అలాంటి అమ్మ రీల్లో లేదంటే అర్థమేమిటి?"

"ఘోరం సార్! కళకు జరిగిన ద్రోహం!" అన్నాడు సహజం గారు, నేల మీంచి లేస్తూ.

"వాన కూడా కోసేశారండీ," అన్నాను నేను.

విచారణ ముగిసింది. ద్రోహి దొరికాడు: ఆ కత్తెర పట్టినవాడు. అతనెవరో తెలియదు కాబట్టి అతని మీద చర్య తీసుకోవడానికి అందరం ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం. పోయిన సీన్లు గీయించి అతికించాం. కొండ అంచున దొర నిలబడగానే వాళ్ళమ్మ దగ్గుతూ వస్తుంది. చచ్చిపోతుంది. వాన. చెవులు ముడిపడే భాగం మాత్రం ప్రేక్షకుల మనోభావాల దృష్ట్యా తీసేశాం. "పునరుద్ధరించిన అసలు ప్రతి" అని పేరు పెట్టి, మొదటి ఆట అభిమాన సంఘానికే వేశాం.

హాలంతా నీలం కండువాలు. వాన మొదలవగానే ఎక్కడివాళ్ళక్కడ వెక్కి వెక్కి ఏడ్చారు. అయిపోయాక లేచి నిలబడి చప్పట్లు! "ఇదీ అసలు! అచ్చం చిన్నప్పుడు చూసినట్టే ఉంది!" అన్నాడు చెప్పుల షాపు యజమాని. "ఇది... ఈ ఇదే లోపించిందండీ సినిమాలో!" అంది లైబ్రరీ ఉద్యోగిని. ఛైర్మన్‌గారు నా జేబులో ఏదో వేసి తట్టారు. కిటికీ గది తాళంచెవి.

గుమ్మం దగ్గర సన్నగా, బట్టతలతో ఒకాయన నన్ను ఆపాడు. పళ్ళ డాక్టరు!

"ఒక పేషెంటు పాసు ఇస్తే వచ్చాను. నేను ఇదే మొదటిసారండీ చూడటం," అన్నాడు మొహమాటంగా. "మొదట్లో ఆ టోపీ గొడవకు తెగ నవ్వొచ్చింది. కానీ ఆ అమ్మ, ఆ వాన... బొమ్మ గీసిన తీరే వేరుగా ఉంది. కొత్తగా అతికించారాండీ?"

చుట్టూ ఉన్న కండువాలన్నీ ఇటు తిరిగాయి. నేను జేబులో తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాను. ఛైర్మన్‌గారు ముందుకొచ్చారు. "చిన్నప్పుడు చూశారా మీరు?"

"లేదండీ. ఆదివారం ఐదింటికి నిద్రపోయేవాణ్ణి."

జనం అయ్యో అన్నారు. కొందరు జాలిగా, కొందరు అసహ్యంగా. ఎవరో ఆయన పక్కనుంచి పిల్లను దూరంగా లాక్కున్నారు. ఆయన తలవంచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"చూశారా? అప్పుడే అన్నాను కదా, బాల్యం లేని మనిషని!" అంది మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుని. "ఆ వానను పట్టుకుని కొత్తగా అతికించారా అంటాడేమిటండీ! నాకు ఇప్పటికీ గుర్తు. ఆ వాన రాగానే దుప్పటి ముసుగుతన్ని ఏడ్చేదాన్ని. మా అమ్మ వచ్చి ఊరుకోబెట్టేది. మీకు గుర్తుందా ఆ వాన?"

"గుర్తు లేకపోవడమేమిటోయ్," అన్నాను. "ఇప్పుడు చూస్తున్నట్టే ఉంది."

ఆవిడ తృప్తిగా నవ్వింది. ఒక చేత్తో నా చెయ్యి పట్టుకునే ఉంది. రెండో చెయ్యి మాత్రం, ఎందుకో, మెల్లగా పైకి వెళ్ళి చెవి తడుముకుంది. నా రెండో చెయ్యి అప్పటికే నా చెవి మీద ఉంది.